బతికున్న అమ్మకు

అమ్మకు,

నీ కూతురు నమస్కరించి రాసేది. నేనిక్కడ క్షేమం. మాటవరసకి అనడం లేదు, కాస్త ఒళ్లు కూడా చేశాను. నువ్వూ క్షేమమేనని తలుస్తాను.

నేనిక్కడున్నానని ఎలా కనుక్కున్నావో గానీ, నీ ఉత్తరం అందింది. బాబాయి నాతో చేసిన పాడు పనంతా పోలీసులకు చెప్పావని, వాణ్ణి తీసుకెళ్లారని రాశావు. ఆ ముక్క పదిసార్లు చదువుకున్నాను. "నిన్ను చూడ్డానికి రానా?" అని అడిగావు. చెప్తాను, కాస్త ఓపిక పట్టు.

సరిగ్గా తింటున్నావా అన్నావు. ఈ మఠంలో సిస్టర్లు కడుపు నిండేదాకా లేవనిస్తేగా! నాకో గది ఇచ్చారు, గడియ లోపలివైపే. పెద్ద సిస్టర్‌గారైనా తలుపు తట్టి, నేను "రండి" అనేదాకా బయటే నిలబడతారు. మొదట్లో కావాలనే నిలబెట్టేదాన్ని! ఇప్పుడు కుట్టు గదిలో పని నేర్చుకుంటున్నాను. పాటల బృందంలో కూడా చేరాను. అక్కడ అందరికీ గౌన్లు కుడుతూ, నేను ఒళ్లు ముట్టుకోనివ్వనని కుట్టు టీచరమ్మ నాది కంటికొలతతో కుట్టేశారు. అందులో ఇద్దరం పడతాం. నవ్వలేక చచ్చాం. మర్నాడు నేనే వెళ్లి, "కొలవండి టీచరమ్మా" అన్నాను. నేనే అమ్మా, నమ్ముతావా!

ఇక అసలు సంగతి. కోప్పడకు. వచ్చిన కొత్తలో ఇంట్లో ఎవరున్నారని అడిగితే, "అమ్మ పోయింది" అన్నాను. నీకు చెప్పుకున్న రోజు నోరు మూసుకోమన్నావని నాకంత కసి. పాపం, ఆరు నెలలుగా ప్రతి శుక్రవారం అందరూ మోకాళ్ల మీద నీ ఆత్మశాంతికి ప్రార్థిస్తున్నారు! నేనూ వాళ్ల మధ్యే తలొంచుకుని ఉండేదాన్ని.

నిన్న ప్రార్థన గదిలో నీ ఉత్తరం పట్టుకుని నిజం చెప్పేశాను. పెద్ద సిస్టర్‌గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"ఏంటీ, బతికే ఉందా?"

"ఉందండీ. రానా అని అడుగుతోంది."

"ఆరు నెలల ప్రార్థన ఊరికే పోతుందా? లేచొచ్చేసింది!" అన్నారు టీచరమ్మ. గదంతా ఒకటే నవ్వులు. నేను మాత్రం వెక్కి వెక్కి ఏడ్చాను. "రమ్మనాలో వద్దనాలో నీ ఇష్టం, నిన్నెవరూ బలవంతపెట్టరు" అని నాతో అన్నారు పెద్ద సిస్టర్‌గారు.

నా కోపం పూర్తిగా పోలేదు. వస్తే పోట్లాడతాను కూడా. అయినా నిన్ను చూడాలనుంది. ఆదివారం రా అమ్మా.

ఇట్లు,
నిన్ను ఉత్తినే చంపేసి, ఇప్పుడు ఎదురుచూస్తున్న
నీ కూతురు