అత్త నాకు చెప్పని పేర్లు

జూన్ 3
విరుదునగర్ నుంచి తోడికోడలు విమల వచ్చింది. వాళ్ల కాలేజీలో పాత చీరలు, రంగుటద్దాలు ప్రదర్శనకు పెడతారట. ఒక్కోదాని పక్కన మన తెలుగిళ్లలో పిలిచే పేరు రాయాలట. అత్తను అడగడానికి వచ్చింది. అత్త నడుముకున్న తన పాత పెట్టె తాళంచెవి తీసి ఆమెకే ఇచ్చింది — "పాపా, నువ్వే తెరువు."
పన్నెండేళ్లుగా అత్తకు అన్నం కలిపి పెట్టేది, నీళ్లు పోసేది నేను. ఆ పెట్టెలో ఏముందో నాకు ఇవాళే తెలిసింది.

జూన్ 4
ఆ పెట్టెలోని కర్పూరం వాసన ఇల్లంతా. తలనొప్పి.

జూన్ 8
విమల మళ్లీ వచ్చింది. కరకరలాడే సాత్తూరు కారసేవు తెచ్చింది. అత్తకు పళ్లు లేవని తెలియదా... అయినా కాఫీలో నానబెట్టుకుని మరీ తిన్నది అత్త. నా పప్పులో మాత్రం రోజూ ఉప్పు తక్కువేనంటుంది.
ఇద్దరూ మంచం మీద, మధ్యలో ఫోన్, రికార్డింగ్ పెట్టి. నేను వంటింట్లో. చెవులు అక్కడే. ముందు చీరలు.
"ఇది ఉల్లిపొర. మా అమ్మది. మడిస్తే పిడికిట్లో దాగుతాది." "ఇది జిలుగు. పిండగూడదు పాపా, నీడలో ఆరబెట్టాల."
తర్వాత పాత ఇంటి తలుపు పైనుండిన అద్దాలు. ఎర్రది దానిమ్మ. పసుపుది తేనెబొట్టు. ఆకుపచ్చది అత్త వెలుతురుకెత్తి పట్టుకుంది.
"ఇది చిలకనీడ. పొద్దు తగిల్తే నేల మింద చిలక వాలినట్టే ఉండు. చిన్నప్పుడు పట్టుకోను పోయి పడిండాను."
ఇద్దరికీ ఒకటే నవ్వు. కాఫీ గ్లాసుల కోసం వెళ్లి "నాకూ చూపండి అత్తా" అన్నాను.
"నీకేంటికే ఇది? పొయ్యి మింద పాలు చూడు పో."
పాలు అప్పటికే దించేశాను.

జూన్ 9
చీరల పేర్లు విమల తమిళ అక్షరాల్లో రాసుకుంది. తెలుగు రాయడం రాదు. నాకు నాన్న పలక మీద నేర్పాడు — ఈ ఇంట్లో ఎవరూ అడగలేదు. తమిళంలో కకూ గకూ ఒకటే అక్షరం; ఆమె రాసింది చదివితే జిలుగు కాస్తా జిలుకు అవుతుంది. చూశాను. ఊరుకున్నాను.

జూన్ 15
పొద్దున అత్త చేతిలోంచి పళ్లెం జారింది. మూతి ఒక పక్కకు పోయింది. కోవిల్పట్టి ఆసుపత్రి. పక్షవాతం అన్నారు. మాట లేదు.

జూన్ 16
విమల వచ్చి ఏడ్చింది. కదిలే చెయ్యి ఒక్కటే. దాంతో ఆమె చెయ్యే పట్టుకుంది అత్త.

జూన్ 22
ఇంటికి తెచ్చాం. రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి. నేనే.

జూన్ 27
విమల ఫోన్. ఆ రోజు తన ఫోన్‌లో చోటు నిండిపోయిందట, చీరల వరకే రికార్డయిందట.
"అద్దాల పేర్లు నేను రాసుకోలేదక్కా, అంతా పడుతుండాది గదా అని. ఎర్రది, పసుపుది గుర్తుండాయి. ఆ పచ్చదాన్ని అత్త ఏమనింది? నీకు వినబడిందా?"
"లేదు."
ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట.

జూలై 5
అత్త దగ్గర పక్కింటావిడను కూర్చోబెట్టి, ఆయనతో విరుదునగర్ ప్రదర్శనకు వెళ్లాను. అద్దాల బీరువాలో మా చీరలు. పచ్చ అద్దం పక్కన, తమిళంలో — పచ్చ గాజు పలక. అంతే. కింద అత్త పేరు, విమల పేరు. అందరూ విమలను మెచ్చుకుంటున్నారు. ఆమె నా భుజం పట్టుకుని లాగి అందరికీ చూపించింది — "మా అక్క లేకుంటే మా అత్త లేదు."
కోపం తెచ్చుకుందామన్నా రాలేదు. అందుకే ఇంకా మంట.

జూలై 6
ముద్ద పెడుతుంటే అత్త పెదవులు కదిలాయి. వంగి చెవి పెట్టాను. పడిపోయాక మొదటి మాట.
"విమల..."
గిన్నె ఖాళీ అయ్యేదాకా తినిపించాను.

జూలై 8
విమలకు నేనే ఫోన్ చేశాను. అత్త తనను పిలిచిందని చెబుదామనే. నోట్లోంచి వేరేది వచ్చింది — "ఆ అద్దం పేరు నాకు తెలుసు. ఆ పొద్దే విన్నాను."
విమల మెల్లగా — "చెప్పక్కా."
"ఫోన్‌లో చెప్పను. వచ్చి నా పక్కన కూర్చో. నన్ను అడుగు."
"...సరి."
ఎప్పుడొస్తుందో చెప్పలేదు. అత్త పిలిచిన సంగతి ఇంకా నా దగ్గరే ఉంది.