బ్యానర్ లేని ఆదివారం

వాల్‌మోరా, ఇటలీ
నవంబర్

ప్రియమైన హర్షకి,

ఫోన్‌లో చెబితే మధ్యలో నువ్వేదో ఒకటి అడుగుతావు, నాకు మాట ఆగిపోతుంది. అందుకే రాస్తున్నాను. మన బ్యానర్ పోయింది.

ఆదివారం పోంతెరోస్సోలో మన టీమ్ ఫుట్‌బాల్ మ్యాచ్. అందరం రైల్లో వెళ్లాం. మన గుంపు బ్యానర్ సంచి లీడర్ సిల్వానో ఈసారి నా భుజానికి తగిలించాడు. ఇన్నేళ్లుగా డ్రమ్ కొడుతున్నా, సంచి ఎప్పుడూ నాకివ్వలేదు. "రాజూ, ఇవాళ నువ్వు" అన్నాడు. నువ్వుంటే నన్ను ఎంత ఏడిపించేవాడివో అనుకున్నాను.

మ్యాచ్ అయ్యాక స్టేషన్‌లో పోంతెరోస్సో కుర్రాళ్లు మా మీద పడ్డారు. మెట్ల మీద ఒకటే పరుగు. వాళ్ల రంగుల మఫ్లర్ వేసుకున్న ముసలాయన ఒకాయన మెట్ల మధ్యలో గుండె పట్టుకుని కూలబడ్డాడు. జనం ఆయన పక్కనుంచే పరిగెడుతున్నారు. నేను సంచి కింద పెట్టి ఆయన తల పట్టుకున్నాను. కోటు జేబులో మాత్ర ఉందని సైగ చేశాడు. తీసి నాలుక కింద పెట్టాను. ఊపిరి కాస్త కుదురుకుంది. వెనక్కి తిరిగి చూస్తే సంచి లేదు.

రూల్ నీకు నేను చెప్పక్కర్లేదు. బ్యానర్ అవతలివాళ్ల చేతికి చిక్కితే ఆ గుంపు ఇక ఉండకూడదు. సిల్వానో వాళ్ల నాన్న పెట్టిన గుంపు అది. తిరుగు రైల్లో నన్ను ఎవరూ ఒక్క మాట అనలేదు. మర్నాడు సిల్వానో తన ప్లంబింగ్ షాపులోకి అందరినీ పిలిచి "అయిపోయింది" అన్నాడు. అంతే, ఎవరింటికి వాళ్లు వెళ్లిపోయారు.

ఏడుపు రాలేదురా. ఆకలి కూడా వేయడం లేదు. చీజ్ ఫ్యాక్టరీకి వెళ్తున్నాను, ఆరబెట్టిన చీజ్ దిమ్మల్ని తిప్పుతున్నాను, ఇంటికి వస్తున్నాను.

ఏదో ఒకటి రాయి.

నీ
షాలేం రాజు


బెంటన్‌విల్, ఆర్కన్సా
డిసెంబర్

రాజూ మామా,

నీ ఉత్తరం ఆఫీస్ పార్కింగ్ లాట్‌లో, కార్‌లోనే కూర్చుని చదివాను. అద్దం మీద మంచు మళ్లీ పేరుకుంది. లోపలికి వెళ్లేసరికి రోజూ పొద్దున ఉండే స్టాండప్ మీటింగ్ అయిపోయింది. నేను లేనని ఎవరూ గమనించినట్టు లేదు.

ఎందుకు కింద పెట్టావురా? భుజాన ఉంచుకునే పట్టుకోవచ్చు కదా ఆయన్ని.

నీ మీద అరవాలని ఉంది, కానీ రావడం లేదు. అక్కడ చదువుకున్న రెండేళ్లలో నాకంటూ మిగిలింది ఆ గోల్ వెనక స్టాండ్ ఒక్కటే. చర్చి హాలు నేల మీద బోర్లా పడుకుని ఆ పాత బ్యానర్ గుడ్డకి మళ్లీ ఎర్ర రంగు వేసింది మనిద్దరమే. డిగ్రీ పట్టా ఏ సూట్‌కేస్‌లో ఉందో కూడా నాకు తెలీదు.

ఇక్కడ రూమ్మేట్ ఆరుష్ అని కొత్తగా వచ్చాడు, కరీంనగర్ వాడు. ప్రతి ఆదివారం నేను పొద్దున్నే లేచి ఫోన్‌లో మ్యాచ్ పెట్టుకుని, నేనూ అక్కడ అల్ట్రానే అనడం విని "అల్ట్రాలంటే ఏంది భయ్యా?" అని అడిగాడు. గోల్ వెనక నిలబడి, టీమ్ గెలిచినా ఓడినా మ్యాచంతా పాడేవాళ్లు అని చెప్పాను. కాసేపు ఆలోచించి "ఎంతిస్తరు?" అన్నాడు.

నవ్వానని రాయాలనిపిస్తోంది. నవ్వలేదు.

ఇప్పటికీ ఆదివారం మెలకువ వచ్చేస్తోంది. స్ట్రీమ్ పెట్టుకుంటాను. మనవైపు నుంచి చప్పుడు ఉండదు. బంతిని తన్నిన శబ్దం కూడా వినిపిస్తోంది, ఇదివరకు ఎప్పుడూ వినలేదు.

ఆరోగ్యం చూసుకో. తిను.

హర్ష


వాల్‌మోరా
ఫిబ్రవరి

హర్షా,

జవాబు రాయడానికి ఇన్నాళ్లు పట్టింది. నీ మీద కోపం రాలేదు. వచ్చినా బాగుండేది.

పోంతెరోస్సో వాళ్లు మన బ్యానర్‌ని వాళ్ల స్టేడియంలో తలకిందులుగా కట్టి వెక్కిరిస్తారని ఎదురుచూశాం. కట్టలేదు. జనవరిలో ఒక సాయంత్రం వాళ్ల లీడర్ ఒక్కడే సంచి పట్టుకుని సిల్వానో షాపుకి వచ్చాడు. స్టేషన్‌లో పడిపోయింది అతని మామగారట. బతికాడట. "ఆయన్ని పట్టుకున్నది ఎవరో మాకు తెలిసింది. ఇక ఇది మా దగ్గర ఉంచుకోలేం, తీసుకోండి" అన్నాడట.

ఇలాంటిది ఎప్పుడూ జరగలేదని పెద్దవాళ్లన్నారు. సిల్వానో అందరినీ పిలిచాడు, నన్ను కూడా. బల్ల మీద సంచి ఉంది. తీసుకుందామనే వాళ్లు చేతులెత్తండి అన్నాడు. చాలా చేతులు లేచాయి. ఒక్కొక్కరూ నా వైపు చూసి మరీ ఎత్తారు. నేను లేచి, వద్దన్నాను.

"ఎందుకు?" అన్నాడు సిల్వానో.

"నా బదులు నీ కొడుకు పోగొట్టి ఉంటే తీసుకునేవాడివా?"

అతను బల్ల మీది సంచిని తన దగ్గర్నుంచి కాస్త దూరం జరిపాడు. "తీసుకునేవాణ్ణి కాదు" అన్నాడు.

"అయితే నాక్కూడా అదే రూల్."

లేచిన చేతులు దిగిపోయాయి. సంచి మళ్లీ పోంతెరోస్సోకే వెళ్లిపోయింది.

నీకు పిచ్చిపనిలా అనిపిస్తుంది. కానీ ఈ ఊళ్లో నన్ను చూసి జాలిపడేవాళ్లకి కొదవలేదు. ఫ్యాక్టరీలో, చర్చిలో, రెసిడెన్స్ పర్మిట్ ఆఫీసులో. గోల్ వెనక మాత్రం ఎవడూ జాలిపడలేదు. డ్రమ్ మీద దెబ్బ తప్పితే అమ్మనాన్నల్ని కలిపి తిట్టేవాళ్లు. నాకోసం రూల్ మారిస్తే అదీ పోతుంది.

అప్పటినుంచి స్టేడియంకి వెళ్లలేదు. పక్క ఊళ్లోని మా ఫ్యాక్టరీ వాళ్ల ఇంకో ప్లాంట్‌లో ఆదివారం షిఫ్ట్ అడిగి మరీ వేయించుకున్నాను. సిల్వానో ఫోన్ చేస్తున్నాడు. మర్యాద కోసం చేస్తున్నాడు, అందుకే ఎత్తడం లేదు.

నిద్ర బాగానే పడుతోంది. లేచాక ఏమీ ఉండదు.

ప్రార్థనలో నిన్ను తలుచుకుంటూ,
రాజు


బెంటన్‌విల్
ఏప్రిల్

ప్రియమైన రాజుకి,

నీ ఉత్తరం వచ్చిన వారమే ఇక్కడ ప్రాజెక్ట్ ఆపేశారు. కొన్నాళ్లు ప్రాజెక్ట్ లేకుండా బెంచ్ మీద ఉన్నాను. ఇప్పుడు ఇంకో క్లయింట్ దగ్గర ఆఫర్ వచ్చింది, మోరిస్‌విల్‌కి రీలొకేట్ అవుతున్నాను. ఆరుష్ పార్టీ అడిగాడు, ఇచ్చాను. ఏం తిన్నామో గుర్తులేదు. నీకు రాయకపోవడానికి వేరే కారణం లేదు, రాసేంతగా ఏమీ అనిపించలేదు, అంతే.

ఇవాళ రాయాల్సి వచ్చింది. నువ్వు ఫోన్ ఎత్తవు కాబట్టి నిన్న జరిగింది నీకు ఎవరూ చెప్పి ఉండరు.

నిన్న పోంతెరోస్సో మన ఊరికి ఆడటానికి వచ్చింది. వాళ్లు స్టాండ్ నిండా వచ్చారు. కానీ రెయిలింగ్‌కి ఏమీ కట్టలేదు. వాళ్ల బ్యానర్ లేదు, ఒక్క జెండా కూడా లేదు. కామెంటేటర్ మొదట తికమకపడ్డాడు. తర్వాత ఎవరో చెప్పినట్టున్నారు. మన బ్యానర్ మనకి తిరిగి ఇవ్వలేకపోయారు కాబట్టి, మన ఎదుట వాళ్లది కూడా కట్టకూడదని అనుకున్నారట. నాకు మిగిలిన ఇటాలియన్‌తో అర్థమైనంత ఇది. అటూ ఇటూ బోసి రెయిలింగ్‌లే.

తర్వాత కెమెరా మనవైపు తిరిగింది. పేరు పోయినా మనవాళ్లు అందరూ వచ్చారు మామా. ఒకరి మీద ఒకరు పడేంత కిక్కిరిసి ఉన్నారు. ముందు వరసలో, సిల్వానో పక్కన మాత్రం ఒక మనిషి పట్టేంత ఖాళీ. నువ్వు నిలబడే చోటు. డ్రమ్ నేల మీద పెట్టి ఉంది. ఎవరూ దాన్ని ముట్టుకోలేదు.

సెకండ్ హాఫ్‌లో మనవాళ్లు గోల్ కొట్టారు. స్టాండ్ మొత్తం ముందుకి దూకింది. ఆ ఖాళీ దగ్గరికి వచ్చేసరికి సిల్వానో రెండు చేతులూ చాచి వెనకవాళ్లని ఆపాడు. అంత సంబరంలోనూ ఎవరి కాలూ అందులో పడలేదు.

చచ్చిపోయినవాడికి అలా చోటు వదిలేస్తారని మనిద్దరికీ తెలుసు. నువ్వు చావలేదురా. పక్క ఊళ్లో చీజ్ తిప్పుతున్నావు. సిల్వానో మర్యాద కోసం ఫోన్ చేయడం లేదు.

నేను అరిచాను. ఏమని అరిచానో నాకే తెలీదు. ఆరుష్ బ్రష్ నోట్లో ఉండగానే పరిగెత్తుకొచ్చి "ఏమైంది భయ్యా, ఇంట్ల అందరు మంచిగున్నరా?" అన్నాడు. ఉన్నారని చెప్పాను. ఇవాళ పొద్దున లేచేసరికి గొంతు నొప్పి. ఇప్పటికీ ఉంది.

సంచి ఎందుకు కింద పెట్టావని ఇంకెప్పుడూ అడగను. ఫోన్ ఎత్తు. వచ్చే ఆదివారం షిఫ్ట్ మార్పించుకుని వెళ్లు. డ్రమ్ కొట్టకపోయినా పర్లేదు, వెళ్లి నీ చోట్లో నిలబడు.

గొంతు పోగొట్టుకున్న
నీ హర్ష