పద్నాలుగో పేజీకి ఆధారం

చిరంజీవి అమ్మడికి,

అమ్మ ఆశీస్సులు. ఇక్కడ నేనూ మీ నాన్నగారూ కులాసా. అంటే ఒళ్ళు కులాసా. మనసు సంగతి కిందికి వచ్చేసరికి నీకే తెలుస్తుంది. అక్కడ నువ్వూ అల్లుడూ బాగున్నారని తలుస్తాను.

నీ ఉత్తరం వచ్చి తొమ్మిది రోజులైంది. జవాబు రాయడానికి ఇది నాలుగో కాగితం, మొదటి మూడూ చింపేశాను. ఫోన్ చేసి చెప్పేయొచ్చుగా అంటావు. ఫోన్లో అయితే నేను సగం చెప్పగానే నువ్వు అడ్డుపడతావు, నువ్వు అడ్డుపడగానే నాకు కోపమొస్తుంది, మిగతా సగం గొంతులోనే ఉండిపోతుంది. అందుకే కాగితం.

ముందు నీ చిన్న ప్రశ్నలు. మీ నాన్నగారికి కళ్ళజోడు మార్చాం. ఇప్పుడు పేపర్లో ప్రకటనలతో సహా పైకి చదివి వినిపిస్తున్నారు, ఎవరూ అడక్కపోయినా. నా మోకాలు లా కాలేజీ మెట్లు రోజుకు నాలుగుసార్లు ఎక్కుతోంది కాబట్టి బాగానే ఉన్నట్టు. నా క్లాసు పిల్లలు నన్నేమని పిలుస్తారని అడిగావు. ఎదురుగా 'మేడమ్', వెనక 'అత్తగారు'. మొన్న విద్యార్థి సంఘాలన్నీ కొత్తవాళ్ళను చేర్చుకోవడానికి వరండాలో బల్లలు వేసుకున్నాయి. ఉత్తుత్తి కేసుల మీద నిజంగా కొట్టుకునే మూట్ కోర్టువాళ్ళు ఒక పక్క, ఉచిత న్యాయ సలహావాళ్ళు ఇంకో పక్క, మధ్యలో మా పత్రిక బల్ల, దాని వెనక నేను. ఒక కుర్రాడు వచ్చి "ఆంటీ, మీ అబ్బాయి ఏ సెక్షన్?" అన్నాడు. "ఆ అబ్బాయిని నేనే నాయనా, రెండో సంవత్సరం" అన్నాను. పాపం, ఫారం కూడా తీసుకోకుండా పారిపోయాడు.

ఇక నీ అసలు ప్రశ్న. నీ ఉత్తరంలో ఆ ముక్క ఎన్నిసార్లు చదివానో, మడతల దగ్గర కాగితం చిరుగుతోంది. "అమ్మా, నీకు చెప్పకుండా మీ కాలేజీ పత్రికకు ఒక వ్యాసం పంపాను. అచ్చయ్యాక చూపిద్దామనుకున్నాను. తిప్పి పంపేశారు. పరిశీలించిన మనిషెవరో రెండు పేజీల నిండా తప్పులు పట్టారు. మనసనేది లేని మనిషి. ఎవరో కాస్త కనుక్కో" అని రాశావు. ఏదైనా పత్రిక ఆ వ్యాసాన్ని అంగీకరించినట్టు కాగితం ఉంటేనే లెక్చరర్ ఉద్యోగానికి నీ దరఖాస్తు తీసుకుంటారని, గడువు నెలాఖరని కూడా రాశావు.

కనుక్కోనక్కర్లేదు అమ్మడూ. ఆ మనిషిని నేనే.

నేనింకా ప్రూఫులే దిద్దుతున్నానని నువ్వు అనుకున్నావు. ఈ ఏడాది నన్ను వ్యాసాలు పరిశీలించే కమిటీలో వేశారు. ఇరవై రెండేళ్ళు కోర్టులో టైపు కొట్టిన కళ్ళు కదా, తప్పు దాటిపోదని. రాసినవాళ్ళ పేరు తీసేసి నంబరు వేసి ఇస్తారు. నీది పదిహేడు. రచయిత ఎవరో పోల్చుకుంటే ఆ నిమిషమే చెప్పి తప్పుకోవాలి, అది రూలు.

రెండో పేజీలోనే పోల్చుకున్నాను. 'సాక్షి చెప్పేది ఒకటి, కాగితం మోసేది ఒకటి' అని రాశావే, ఆ మాట నేను మన వంటింట్లో వందసార్లు అని ఉంటాను. సాక్షి సంతకం పెట్టేముందు వాంగ్మూలం మొత్తం పైకి చదివి వినిపించాలని, వినిపించకపోతే అది చెల్లకూడదని నీ వాదన. ఎంత బాగా కట్టుకొచ్చావే! చదువుతుంటే గర్వంతో కూర్చోలేకపోయాను. తప్పుకోవాల్సింది. కూతురు రాసింది అందరికన్నా ముందు నేనే పూర్తిగా చదవాలనే ఆశ కొద్దీ తప్పుకోలేదు.

నీ ముప్పై ఒకటో ఫుట్‌నోట్ తప్పు. ఆ కేసు ముగ్గురు జడ్జీలు విన్నారు. ఇద్దరు ఒక మాట, మూడో ఆయన వేరే మాట. నువ్వు ఆ మూడో ఆయన మాటల్ని కోర్టు తీర్పుగా రాశావు. అసలు పుస్తకం తెరవకుండా ఎవరో ఎత్తి రాసింది నువ్వూ ఎత్తి రాసి ఉంటావు. ఈ అభ్యంతరం మాత్రం నేను వెనక్కి తీసుకోను. దిద్దుకో.

ఇక్కడిదాకా రాసి లేచాను. బీరువా సర్దాను. సర్దిన బట్టలే మళ్ళీ సర్దాను. "ఏమిటా కాలు కాలిన పిల్లిలా తిరగడం? రాసేదేదో రాసెయ్యి, నాకూ కాస్త ప్రశాంతత ఉంటుంది" అన్నారు మీ నాన్నగారు. రాస్తున్నాను.

పద్నాలుగో పేజీ. పేరూ ఊరూ లేకుండా ఒక సాక్షి కథ చెప్పావు. కొట్టుకోవడం చూశానని ఆవిడ కోర్టులో చెప్పింది. అంతా అయ్యాక, "అప్పటికి మసక చీకటి పడిందండీ, మొహం సరిగ్గా కనబడలేదు" అంది. అప్పటికే టైపిస్టు కాగితాన్ని మిషన్లోంచి లాగేసింది. భోజనాల వేళ. ఆ ఒక్క వాక్యం కాగితం మీదికి ఎక్కలేదు. ఆవిడకు చదువు రాదు, వేలిముద్ర వేసి వెళ్ళిపోయింది. మర్నాడు టైపిస్టు బల్ల దగ్గరికి వచ్చి, "అమ్మా, నేను చెప్పిన ఆఖరి మాట అందులో ఉందా?" అని అడిగింది. "ఉంది, వెళ్ళమ్మా" అంది టైపిస్టు.

దీన్ని నేను నా జన్మలో నీ ఒక్కదానికే చెప్పాను. నువ్వు పదో తరగతి, కరెంటు పోయి ఇద్దరం గుమ్మంలో కూర్చున్నాం. ఇన్నేళ్ళలో మర్చిపోయావనుకున్నాను. ఆ కేసు చివరికి ఏమైందో నేను కనుక్కోలేదు. భయమేసి కనుక్కోలేదు.

ఆ పేజీ చదివేసరికి ఒళ్ళు మండిపోయింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, పేరులేని ఆ టైపిస్టును లోకమంతా గుర్తుపట్టేస్తుందనిపించింది. కన్నకూతురే నన్ను బోనెక్కించింది అనుకున్నాను. అప్పుడు మొదలుపెట్టాను నీ ఫుట్‌నోట్లు తవ్వడం. నూట పన్నెండూ, లైబ్రరీలో కూర్చుని, నాలుగు రోజులు. ఇంకొకరివైతే పదో పదిహేనో చూసి ఊరుకునేదాన్ని. ముప్పై ఒకటి దొరికినప్పుడు నాకు సంతోషమేసింది. అమ్మనై ఉండి సంతోషపడ్డాను. అది తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తోంది.

అంతటితో ఆగినా బాగుండేది. నిన్ను అన్నిటికన్నా ఎక్కువ బాధపెట్టిన అభ్యంతరం రెండో పేజీ చివరిది అన్నావు. 'పద్నాలుగో పేజీలోని ఉదంతానికి ఆధారం చూపలేదు. కల్పితంలా ఉంది. తొలగించాలి.' అది రాసింది ఈ చెయ్యే. ఆధారం నేనే అయ్యుండి ఆధారం లేదని రాశాను. లేని మాటను ఉందని ఆ సాక్షితో చెప్పాను, ఉన్నదాన్ని లేదని నీతో చెప్పాను.

"అక్కడ ఫుట్‌నోట్ పెట్టలేనమ్మా, ఆ సంగతి బయటపెట్టే హక్కు నాది కాదు" అని నీ ఉత్తరంలో ఉంది. అది చదివాక గానీ నా మట్టిబుర్రకు ఎక్కలేదు, నువ్వు నన్ను బోనెక్కించలేదని, దాచావని. ఆ రోజు నుంచి నాకు అన్నం సయించడం లేదు. క్లాసులో కూర్చుంటే పాఠం చెవిన పడటం లేదు.

సోమవారం మా ముఖ్య సంపాదకుడికి అంతా చెప్పేశాను. నీకన్నా ఆరేళ్ళు చిన్నవాడు, కామా కోసం ప్రాణమిస్తాడని అందరూ వాణ్ణి 'కామా' అంటారు. మెట్ల కింది పత్రిక గదిలో, కవర్ల కట్టల మధ్య నిలబడి విన్నాడు. "మేడమ్, మొదటిరోజే చెప్పుంటే ఐదు నిమిషాల పనండీ. ఇప్పుడు కమిటీ మొత్తానికి చెప్పాలి" అన్నాడు. "చెప్పు బాబూ, నేనే చెప్తాను" అన్నాను. చెప్పాను. ఒక పిల్ల నా వైపు చూడకుండా కిటికీ వైపు చూస్తూ కూర్చుంది, నాకు బాగా చనువైన పిల్ల.

నా పరిశీలన కొట్టేశారు. నన్ను కమిటీ నుంచి తీసేశారు. వచ్చే ఏడాది పరిశీలన విభాగం నాకే ఇస్తామన్నారు, అదీ పోయింది. ఇప్పుడు చందాదారుల కవర్లకు చిరునామాలు అతికిస్తున్నాను, తిన్నగానే అతికిస్తున్నాను. నీకు ఈ సంగతి చెప్పడానికి అనుమతి అడిగి తీసుకున్నాను. ముప్పై ఒకటి దిద్ది ఇరవయ్యో తేదీలోగా మళ్ళీ పంపితే, నన్నెరగని ఇద్దరు బయటివాళ్ళ చేత చదివించి, నెలాఖరులోపు ఏ సంగతీ తేల్చి చెబుతామన్నారు. అంగీకరిస్తారని నేను మాటివ్వలేను. పద్నాలుగో పేజీకి ఆధారం వాళ్ళూ అడుగుతారు. అడగాలి కూడా.

అందుకే ఈ ఉత్తరంతో ఇంకో కాగితం పెట్టాను. ఏ ఏడాది, ఏ కోర్టు, ఆవిడ అన్న ఆఖరి మాట, నేనన్న మాట, అన్నీ రాసి కింద నా పూర్తి పేరు పెట్టాను. ఫుట్‌నోట్‌గా వేసుకో. "రిటైరయ్యాక ఇప్పుడు విచారణ పెడితే?" అన్నారు మీ నాన్నగారు. పెట్టనీ. అడిగితే చెబుతాను. ఇది నీ ఉద్యోగం కోసమే అనుకోకు. ఆవిడ నా బల్ల దగ్గరికి వచ్చి అడిగింది, నేను ఇన్నేళ్ళూ జవాబు చెప్పలేదు. నా మీద కోపం ఉంటే ఉండనీ, వ్యాసం మాత్రం పంపు.

సంతకం పెట్టేముందు ఆ కాగితం మొత్తం మీ నాన్నగారి చేత పైకి చదివించుకున్నాను, నువ్వు రాసినట్టే. 'ఉంది, వెళ్ళమ్మా' అన్న చివరి లైను దగ్గరికి వచ్చేసరికి ఆయన కళ్ళజోడు తీసి, "అయిపోయింది" అన్నారు.

"అవలేదు, చదవండి" అన్నాను.

చదివారు. అప్పుడు పెట్టాను సంతకం.

ఇట్లు,
నీ పద్నాలుగో పేజీలోని టైపిస్టు,
అమ్మ