సోఖా చెప్పిన జవాబు

స్టాక్‌టన్, కాలిఫోర్నియా
మార్చి 17, 1985

అక్కయ్యకు,

వసుమతి నమస్కారాలు. ఇక్కడ నేనూ, ఆయనా, విద్యా కులాసాగానే ఉన్నాం. తెనాలిలో మీ ఇద్దరి ఒళ్లూ బాగుంటున్నదని తలుస్తాను.

బావగారి కంటికట్టు విప్పారనీ, పేపరు తనంతట తనే చదువుకుంటున్నారనీ రాశావు. ఆ వాక్యం మా ఆయనకు పైకి చదివి వినిపించాను. విద్యకు తెలుగు వస్తోందా అని అడిగావు. చెప్పిందల్లా అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులోనే. మొన్న నీ ఫొటో చూసి "పెద్దమ్మ వెరీ స్ట్రిక్ట్ టీచర్‌లా ఉంది" అంది. అవునన్నాను. శీతాకాలమంతా పట్టిన పొగమంచు ఈమధ్యనే విడిచింది. ఊరి చుట్టూ బాదం తోటలు పూశాయట, రాలిపోయాయట. నేను చూడనే లేదు.

నాలుగు నెలలుగా ఉత్తరం లేదేం, కోపమొచ్చిందా అన్నావు. నీ మీద నాకు కోపమేమిటక్కా! రాయడానికి కూర్చుంటే ఒక్క సంగతే ముందుకొచ్చేది. అది దాచి మిగతావి రాయడం చేతకాలేదు. ఇవాళ చెప్పేస్తాను.

నేను పనిచేసే క్లినిక్‌కి కంబోడియా శరణార్థులు వస్తారని లోగడ రాశాను కదా. యుద్ధంలో సగం కుటుంబాన్ని పోగొట్టుకుని, థాయ్‌లాండ్ శిబిరాల్లో ఏళ్లు గడిపి వచ్చినవాళ్లు. రాగానే క్షయ ఉందేమో, కడుపులో పాములున్నాయేమో చూస్తాం. ఆడవాళ్లకు ఇంకో పరీక్ష ఉంటుంది. గర్భసంచి ముఖం దగ్గర చిన్న పుల్లతో తుడిచి, గాజు పలక మీద రాసి ల్యాబ్‌కి పంపుతాం. రెండు నిమిషాల పని. క్యాన్సర్ రాబోతుంటే ముందే తెలుస్తుంది.

ఎనభై మూడు అక్టోబరులో సోఖా అనే ఆవిడ వచ్చింది. నా ఈడుదే, నలభై ఒకటి. వెంట భర్త విబోల్. వాళ్ల దేశంలో లెక్కల మాస్టరు, ఇక్కడ టమాటాలు డబ్బాల్లో పెట్టే ఫ్యాక్టరీలో కూలీ. ఆవిడకు ఇంగ్లీషు రాదు, అతనికి వచ్చు. అప్పట్లో మా క్లినిక్‌లో దుబాసీ ఎవరూ లేరు. అందుకని అతన్నే అడిగాను.

"రక్తం ఏమైనా పోతోందా? ఈ పరీక్ష చేయించుకుంటుందా? కనుక్కోండి."

అతను నేల చూస్తూ రెండు ముక్కలు అడిగాడు. ఆవిడ చాలాసేపు మాట్లాడింది. అతనితో చెబుతూనే నా వంక చూసింది. మధ్యలో ఒకసారి పొత్తికడుపు మీద చెయ్యి వేసుకుంది. అంతా విని అతను, "నో, డాక్టర్. షి సేస్ నో" అన్నాడు.

అంతసేపు చెప్పిందానికి ఒక్క "నో" ఏమిటా అని నాకు అనిపించిందక్కా. అనిపించింది. బయట ఇంకా ఇరవై మంది ఉన్నారు. సాయంత్రం విద్య స్కూల్లో నాటకం. వాచీ చూసుకున్నాను. ఫైల్లో "పరీక్షకు నిరాకరించింది" అని రాసి సంతకం పెట్టాను.

మరుసటి జూలైలో సోఖాను అంబులెన్సులో ఆసుపత్రికి తెచ్చారు. పొత్తికడుపంతా క్యాన్సర్ పాకిపోయింది. రేడియేషన్ ఇచ్చారు. నవంబరు నాటికి ఇక లాభం లేదని ఇంటికి పంపేశారు.

ఆ నెలలోనే మా క్లినిక్‌లో చంతీ అనే కంబోడియా ఆవిడను దుబాసీగా తీసుకున్నారు. ఒక మధ్యాహ్నం ఆవిణ్ణి వెంటబెట్టుకుని సోఖా ఇంటికి వెళ్లాను. విబోల్ వంటింట్లో గంజి కాస్తున్నాడు. నేను మంచం పక్కన కూర్చుని, "ఆ రోజు నాకు ఏం చెప్పావమ్మా?" అని అడిగించాను.

సోఖా మెల్లగా చెప్పింది. చంతీ ఒక్కొక్క మాటే నాకు అందించింది.

"'ఆరు నెలలుగా రక్తం పోతోంది. డాక్టరమ్మకు పిల్లలున్నారా? ఉంటే నా బాధ తెలుస్తుంది, చూపించుకుంటాను. మీరు కాసేపు బయటికి వెళ్లండి' అని మా ఆయనతో అన్నాను. మీతో ఏదో చెప్పి, 'ఇవాళ కుదరదట' అని నాతో అన్నారు ఆయన."

నిరాకరించిందని నేను రాసిన మనిషి ఒప్పుకుంది అక్కా.

"నువ్వు ఇంకేదో చెప్పావని నాకు ఆ రోజే తెలిసింది. మళ్లీ అడగలేదు. తప్పు నాది" అన్నాను. చంతీ ఆ మాట చెప్పగానే సోఖా నా చెయ్యి పట్టుకుని ఏదో అడిగింది. పిల్లలున్నారా అని. ఒక కూతురని చెప్పాను. "అనుకున్నాను" అంది.

వంటింటి గుమ్మంలో విబోల్ ఎప్పుడొచ్చాడో, గరిటె పట్టుకుని నిలబడి ఉన్నాడు. "ఆ మాటలు పరాయి స్త్రీ ముందు నా నోటితో ఎలా అనను, డాక్టర్? అదే తగ్గిపోతుందనుకున్నాను" అన్నాడు. అప్పుడే చూసినా బతికేదో లేదో చెప్పలేను. బతికే దారి మాత్రం ఉండేది.

జనవరి తొమ్మిదిన పోయింది.

మీ మరిదిగారు నన్ను ఓదార్చబోయారు. "ఇంటర్‌ప్రెటర్‌ని పెట్టకపోవడం సిస్టమ్ ఫాల్ట్, వసూ. నువ్వెందుకు అంత ఫీలవుతావు?" అన్నారు. "వాచీ చూసుకున్నది నేనేనండీ" అన్నాను.

ఫిబ్రవరిలో ఒక గురువారం విబోల్ పాత వ్యాన్‌లో తమ దేశపు ఆడవాళ్లు నలుగురిని ఆ పరీక్షకు తీసుకొచ్చాడు. అప్పటినుంచి ప్రతి గురువారం తెస్తున్నాడు. ఇప్పటికి పదిహేడు మంది అయ్యారు. ఒకామెకు తొలిదశలోనే బయటపడింది, నయమవుతుంది. అతను మాత్రం వానలో కూడా పార్కింగ్‌లోనే నిలబడతాడు. లోపలికొచ్చి కూర్చోమన్నాను. "నేను రాకూడదు, డాక్టర్" అన్నాడు.

అక్కా, నీకూ యాభై దాటాయి. నీ ఉత్తరాల్లో అందరి ఆరోగ్యాలూ ఉంటాయి, నీది ఉండదు. గుంటూరు వెళ్లి మంచి లేడీ డాక్టరుకి ఒకసారి చూపించుకో. ఏ బాధ ఉన్నా సిగ్గుపడకుండా పూర్తిగా చెప్పు. బావగారు తోడు వస్తానంటే రానీ. నువ్వు చెప్పేటప్పుడు మాత్రం ఆయన్ని వరండాలో కూర్చోమను.

ఇట్లు,
నీ ఉత్తరానికి ఎదురుచూసే
చెల్లెలు వసుమతి