పచ్చబడ్డ హారం

ప్రియమైన తమ్ముడికి,

నీ కొట్టు ప్రకటన కాగితం పోస్టులో వచ్చింది. పాత నగలమ్మేవాడికి కవిత్వం ఎవరు నేర్పారో గానీ బాగానే వంటబట్టింది. "ధరించిన వారి స్పర్శతో ఏళ్ల తరబడి పచ్చబడిన అరుదైన ఫిరోజా రాళ్లు." స్పర్శ అట. అమ్మ మెడలో ఆ నీలపు రాళ్లు దేనితో అలా ఆకుపచ్చగా మారాయో నీకు తెలియదా? ఆస్పత్రి లాండ్రీలో సోడా ఆవిరితో, చెమటతో, రోగుల దుప్పట్లు ఉతికిన సబ్బు నీళ్లతో. ఆ ముక్క కూడా వేస్తే కొనేవాళ్లు నీ గుమ్మం తొక్కరని భయమా?

అసలు సంగతికి వస్తాను. ఆ లాండ్రీని కూలగొడుతున్నారు. ఈలోగా పాత పనివాళ్లంతా ఒకసారి కలుసుకుంటున్నారు. ఆ లాండ్రీ బతుకుల మీద పత్రికల్లో రాస్తుంటాను కదా, నన్ను మాట్లాడమన్నారు. అమ్మ పోయాక హారం నీ దగ్గరే ఉంది కదా, పంపు. దాన్ని చూస్తే వాళ్లు అమ్మను చూసినట్టే. ఆమెదని చెప్పి పట్టుకోవడానికి మనకింకేమీ మిగల్లేదు.

వేళకి తిను. టీలతో పొట్ట నింపుకోకు.

నీ అక్క

*

ప్రియమైన అక్కకి,

తిట్లు భద్రంగా అందాయి. హారం నీకు కాక ఎవరికి పంపుతాను? తీగ ఒకచోట వదులైంది, బిగించి పంపుతా.

స్పర్శ అన్నందుకే అంత కోపమా? ఈ రాయి సంగతి నువ్వు సరిగ్గా వినలేదు. వజ్రానికి ఎవరి మెడైనా ఒకటే. ఇది అలా కాదు. దీని ఒంటినిండా కంటికి కనపడని రంధ్రాలుంటాయి. వేసుకున్న మనిషి ఒంటి నూనెని, చెమటని తాగి రంగు మార్చుకుంటుంది. పూర్వం గుర్రాల మీద తిరిగేవాళ్లు కింద పడకుండా కాపాడుతుందని దీన్ని కళ్లేలకు కట్టేవాళ్లు. రంగు వెలిసిందంటే వేసుకున్నవాళ్లకు ఏదో ముంచుకొస్తోందని హడలిపోయేవాళ్లు. ఇప్పుడొచ్చే రాళ్లలో చాలావాటికి జిగురు పట్టించి ఆ రంధ్రాలు మూసేస్తున్నారు. ఎన్నేళ్లు వేసుకున్నా కొన్ననాటి రంగే. వాటికి మనిషి అంటదు. పాతవాటి కోసం జనం వెతుక్కుంటూ వచ్చేది అందుకే. మొన్న ఒకావిడ పచ్చబడ్డ ఉంగరం పట్టుకుని, "ఎవరిది బాబూ ఇది?" అని అడిగింది. నాకూ తెలియదన్నాను. దాన్ని వేలికి పెట్టుకుని చాలాసేపు అలాగే కూర్చుంది.

హారంలో ఉన్న ఆ పచ్చదనం అమ్మే అక్కా. దాన్ని కొట్టులో ఎప్పుడూ పెట్టలేదు, పెట్టను.

బావ మోకాలి నొప్పి ఎలా ఉంది?

నీ తమ్ముడు

*

ప్రియమైన తమ్ముడికి (కోపంగా ఉన్నా ప్రియమైనవాడివే, ఏం చేస్తాం),

గుర్రాల కథ బాగుంది. గుర్రాల మీద తిరిగినవాళ్ల కథలు ఎప్పుడూ బాగానే ఉంటాయి. తవ్వినవాళ్లవి ఏవీ? ఫిరోజాని ఇంగ్లీషులో టర్కోయిస్ అని నీ బోర్డు మీద రాసుకున్నావే, ఆ పేరు దాన్ని తవ్విన కొండది కాదు. బేరగాళ్లు ఏ దేశం మీదుగా తెచ్చి అమ్మారో ఆ దేశానిది. చేతులు కాయలు కట్టినవాడిది ఒక్క అక్షరం కూడా మిగల్లేదు. నువ్వు చేసే వ్యాపారమూ అదే.

మనం పుట్టాక ఆ హారంలో నీలం ఎప్పుడైనా చూశామా? ఒక ఆడపిల్ల ఆశపడి ఆకాశం రంగు రాళ్లు కొనుక్కుంది. వాటిని లాండ్రీ తినేసింది. తినగా మిగిలినదాన్ని నువ్వు అందం అంటున్నావు. అరిగిపోయిన చెయ్యి పట్టుకుని ఎంత నునుపో అన్నట్టుంది. అది అమ్మ కాదురా, అమ్మకు జరిగిన అన్యాయం. అంత ప్రేమే ఉంటే ఆమె నీలాన్ని ఆమెకు తిరిగి ఇప్పించు, అప్పుడు మాట్లాడు.

తీగ బిగించడానికి ఇన్నాళ్లా?

బావ నొప్పి అలాగే ఉంది, నోరు కూడా అలాగే ఉంది.

నీ అక్క

*

ప్రియమైన అక్కకి,

నీ ఉత్తరం మళ్లీ మళ్లీ చదివాను. చిన్నప్పటి నుంచి నీతో ఏ విషయంలోనూ తగ్గినవాణ్ని కాదు. ఈసారి నువ్వు గెలిచావు. కౌంటరు వెనక కూర్చుని ఆలోచిస్తే, అమ్మ కష్టాన్ని వచ్చేపోయేవాళ్లకు కథగా చెప్పుకుని బతుకుతున్నానేమో అనిపించింది. ఆ ప్రకటన కాగితాలన్నీ చించేశాను.

దీనితో పాటు హారం పంపుతున్నాను. రాళ్లు ఒక్కొక్కటే ఊడదీసి, పైపొర అరగదీసి, మెరుగు పెట్టి మళ్లీ వెండిలో కూర్చాను. ఇంకెవరి చెయ్యీ పడనివ్వలేదు. పచ్చదనం పైపైనే ఉంది అక్కా. కింద ఎంత నీలముందో చూడు. నా కొట్టుకి ఇలాంటి రంగు ఎప్పుడూ రాలేదు.

అమ్మ నీలం అమ్మకి ఇప్పించాను. సభలో అందరికీ చూపించు.

నీ తమ్ముడు

*

ప్రియమైన అక్కకి,

సభ అయిపోయిందని బావ ఫోనులో చెప్పాడు. పార్సిల్ అందిందట కూడా. నీ నుంచి ఒక్క ముక్క రాలేదు. నువ్వు తిట్టకపోతే నాకు భయంగా ఉంటుంది. ఏదో ఒకటి రాయి.

నీ తమ్ముడు

*

ప్రియమైన తమ్ముడికి,

తిడదామనే చాలాసార్లు కూర్చున్నాను. కాగితం తీస్తే నేను రాసిన మాటలే నాకు అడ్డొస్తున్నాయి.

సభలో మాట్లాడలేదు. హారం వేసుకుని వెళ్లాను. అమ్మ పక్కన దుప్పట్లు పిండేదే, మనం పిండే పెద్దమ్మ అనేవాళ్లం, ఆవిడ దగ్గరికి పిలిచి రాళ్లు తడిమింది. "మీ అమ్మది పచ్చగా ఉండేది కదే. ఇదెక్కడ కొన్నావు?" అంది. నేను నోరు తెరిచేలోగా పక్క కుర్చీలోంచి ఇస్త్రీ అవ్వ అందుకుంది.

"అదేనే ఇది. కొత్తలో ఇలాగే ఉండేది. ఆవిరిలోకి వేసుకురాకే పిచ్చిదానా, రాళ్లు పాడైపోతాయి, పెట్టెలో పెట్టుకో అని మొత్తుకున్నాను. వింటేనా? 'పెట్టెలో పెడితే అది బాగుంటుంది, మరి నేనెప్పుడు బాగుండేది?' అంది."

అందరూ నవ్వారు. అమ్మ ఆ మాట ఏ గొంతుతో అనుంటుందో వాళ్లకు తెలుసు. నాకు తెలియదు. నేను చూసిన అమ్మ అలసిపోయి ఇంటికొచ్చిన అమ్మ. ఇన్నేళ్లూ రాసింది ఆమె గురించే.

లాండ్రీ మీద నేను రాసినవాటిలో ఒక్క అక్షరం వెనక్కి తీసుకోను. ఆ ఆవిరి ఆమె ఊపిరితిత్తుల్ని ఏం చేసిందో మనిద్దరం చూశాం. కానీ ఆ హారాన్ని మాత్రం ఎవరూ లాక్కోలేదురా. పాడవుతుందని తెలిసే, చెప్పినా వినకుండా, రోజూ కాస్త కాస్త తనే ఖర్చుపెట్టుకుంది. నువ్వు రాసిందే నిజం. నేను వాదించి నిన్ను ఓడించాను. పుట్టిన దగ్గర్నుంచి నా మాట ఒక్కటీ ఒప్పుకోనివాడివి, ఇదొక్కటి ఎందుకు ఒప్పుకున్నావు?

నీలం బాగుంది. అబద్ధం ఆడను. చూసినవాళ్లంతా ఎంత బాగుందో అంటున్నారు.

ఒకటి అడుగుతాను, కోపంతో కాదు. అరగదీసినప్పుడు రాలిన ఆ పచ్చటి పొడి కాస్తయినా ఉందా? ఉండదులే. కొట్టు మూసేముందు బల్లంతా తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డ కూడా ఉతికి ఆరేసి గానీ నువ్వు బయటికి రావు. అమ్మ నేర్పిందే కదా.

నీ అక్క