సీటు విప్పిన సంగతి

చిరంజీవి బుజ్జిగాడికి, అమ్మ ఆశీస్సులు.

ఇక్కడ నేనూ చెల్లీ క్షేమం. ఎలుకలు మాకంటే క్షేమం. వాటి సంగతి కింద రాస్తాను, అన్నం తినేటప్పుడు మాత్రం చదవకు.

నడుం నొప్పి తగ్గిందా అని అడిగావు. తగ్గలేదు. రోజంతా బండి మీద వీధివీధీ తిరిగి కరెంటు మీటర్లు చూసేదానికి ఎక్కడ తగ్గుతుంది? చెల్లి చదువుతోందా అన్నావు. పుస్తకమైతే తెరిచే ఉంటోంది. ఇక "సీటు మెత్తగా ఉందా అమ్మా?" అని రాశావు చూడు, ఆ ముక్క చదివి ఉత్తరం బల్ల మీద విసిరికొట్టాను.

నువ్వు ఉద్యోగానికి వెళ్తూ, సందు చివర సీట్లు కుట్టే ఆయన దగ్గర నా కొలతకు చేయించానని చెప్పి నా బండికి బిగించిన సీటు నాలుగు నెలలకే కుంగిపోయింది. వాన పడ్డ రోజు కూర్చుంటే గుడ్డ పిండినట్టు నీళ్లు కారాయి. ఒకటే కంపు. ఒక ఇంట్లో మీటరు చూస్తుంటే ఆ ఇంటావిడ ముక్కు మూసుకుంది. సిగ్గుతో చచ్చిపోయాను.

మర్నాడే కుట్టు ఊడి గుడ్డపీలికలు బయటికొచ్చాయి. వాటిని పిడికిట్లో పట్టుకుని నేరుగా సీట్లాయన కొట్టుకు వెళ్లాను. బేరానికి వచ్చినవాళ్లందరి ముందూ "స్పాంజి అని చెప్పి చెత్త కుక్కుతావా? దొంగ!" అని ఆయన ముఖాన విసిరాను. ఆయన ఒక పీలికను అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది నా చేతి పని కాదమ్మా" అన్నాడు.

"అయితే మా అబ్బాయి అబద్ధం చెప్పాడా?" అన్నాను. బేరానికి వచ్చినవాళ్లలో ఒకతను తన సీటు తీసుకుని వెళ్లిపోయాడు.

ఇక ఎవరినీ నమ్మేది లేదు, ఇంట్లోనే చేసుకుందామని ఆదివారం వరండాలో కూర్చున్నాను. స్క్రూడ్రైవరుతో పిన్నులు ఒక్కొక్కటే పీకి రెక్సిన్ లేపాను. ఛీ! బూజు పట్టిన గుడ్డలు, సిమెంటు సంచి ముక్కలు, మధ్యలో కళ్లు తెరవని ఎలుక పిల్లలు ఐదు. తల్లి ఎలుక నా కాలి మీదుగా వంటింట్లోకి దూరింది, ఇంకా అక్కడే ఉంది. చెల్లి కెవ్వుమని మంచం ఎక్కింది. చీపురుపుల్లతో గుడ్డలు లాగుతుంటే ఒక బనియను వచ్చింది. దాని మీద ఎర్రదారంతో పదిహేడు. బడి ఆటల జట్టులో నీ అంకె, నా చేత్తో కుట్టింది.

ఎలుకను చూసినప్పుడు కూడా అంత రోత పుట్టలేదురా. స్పాంజికి డబ్బులు లేవంటే నేనేమైనా కొరికేదాన్నా? నువ్వే చేశానని చెప్పి ఉంటే ఆ చెత్త మీదే నవ్వుకుంటూ కూర్చునేదాన్ని.

సీటు మాత్రం పూర్తిచేశాను. పాత పరుపు స్పాంజి రెండు పొరలు అంటించి, రొట్టె కోసే కత్తితో వెనక కొంచెం ఎత్తు ఉంచి చెక్కాను. అంచులు మూడుసార్లు పాడుచేశాను. చెల్లి కొత్త రెక్సిన్ లాగి పట్టుకుంటే నేను పిన్నులు కొట్టాను. ఒక పక్కకు వాలింది. అయినా కంపు లేదు.

ఇప్పుడు అసలు మాట. బనియను చూశాక కూడా పన్నెండు రోజులు నోరు విప్పలేదు. నీ పరువు పోతుందని. నా నోటి పుణ్యమా అని సీట్లాయన కొట్టు ముందు బళ్లు తగ్గిపోయాయి. అది చూస్తూ తల తిప్పుకుని వెళ్లాను. నీ మీద పుట్టిన రోత కంటే నా మీద పుట్టిందే ఎక్కువ.

నిన్న ఆ బనియనూ పాత రెక్సినూ పట్టుకెళ్లి, అందరి ముందే చెప్పాను. "తప్పు నాది. ఇది మా అబ్బాయి పని" అన్నాను. తిడతాడనుకున్నాను. ఆయన రెక్సిన్ తీసుకుని, కుట్టు వెంట వేలు పోనిచ్చి, "పై కుట్టు బాగానే వేశాడమ్మా. వచ్చి అడిగుంటే లోపలిది నేనే నేర్పేవాణ్ణి" అన్నాడు. అక్కడే ఏడ్చేశాను.

వేళకు తిను. ఈ ఉత్తరానికి జవాబు నాకు రాయకు, ఆయనకు రాయి. అది అందిందని ఆయన చెప్పాకే నీ ఉత్తరాలు విప్పుతాను.

ఇట్లు,
మీ అమ్మ