పేజీలో లేని నాయిన

గుండ్లపోచంపల్లి,
సోమవారం.

ప్రియమైన అమ్మకు,

నీకు, నాయినకు వందనాలు. గోదాములో డ్యూటీ అయ్యేదాకా ఫోను మా చేతికివ్వరు. ఇంటికొచ్చేసరికి నువ్వు నిద్రపోతావు. అందుకే బొంతల కోసం వస్తున్న బెన్నీ చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను. మీ అల్లుడు దారిలో విప్పి చదివినా నాకేం భయం లేదు.

మన బొంతల కోసం ఇన్‌స్టాగ్రామ్‌లో పేజీ పెట్టానన్నాను కదా, పేరు 'గంగమ్మ బొంతలు'. మొదట్లో ఎవరూ చూడలేదు. పోయిన వారం నువ్వు వాకిట్లో కూర్చుని కుడుతున్న వీడియో పెట్టి, కింద నాలుగు మాటలు రాశాను. అంతే! ఎక్కడెక్కడి వాళ్లో అడుగుతున్నారు. ఎర్ర చీరల బొంతలు ఇంకా ఉంటే పంపు. కళ్లు నొప్పి పెడితే మాత్రం ఆపెయ్.

నీ గారాల బిడ్డ,
జాస్మిన్

గౌడవెల్లి,
బుధవారం.

ప్రియమైన బిడ్డ జాస్మిన్‌కు,

అమ్మ దీవెనలు. బొంతలతోపాటు చింతచిగురు కూడా పెట్టాను, పప్పులో వేసుకో.

నిన్న శామీర్‌పేట నుంచి దుర్గాబాయి అనే ఆమె నీ పేజీ చూసి కారులో వచ్చింది. నా చేతులు పట్టుకుని కళ్లనీళ్లు పెట్టుకుంది. "ఒక్కదానివే ఎట్ల ఎల్లదీస్తున్నవమ్మా?" అంది. నాకేమీ అర్థం కాలేదు. అప్పుడే మీ నాయిన చాయ్ గ్లాసుతో లోపలి నుంచి వచ్చాడు.

"గీయన ఎవరు?"

"మా ఆయన."

"అయ్యో, సచ్చిపోయిండని రాసిన్రు గదా!" అంటూ ఆమె ఫోను తీసి చదివింది. 'భర్త పోయాక బొంతలు కుట్టి బతుకుతున్న మా అమ్మ' అని ఉంది.

నాకు నవ్వు ఆగలేదు బిడ్డా. మీ నాయిన మాత్రం నవ్వలేదు. గ్లాసు కింద పెట్టి బయటికి పోయాడు. అప్పటి నుంచి నీ పేరెత్తితే లేచిపోతున్నాడు. ఎందుకలా రాశావు? తిట్టడానికి కాదు, తెలుసుకుందామని అడుగుతున్నాను.

అమ్మ,
గంగమ్మ

గుండ్లపోచంపల్లి,
గురువారం.

ప్రియమైన అమ్మకు,

నీ ఉత్తరం చదివాక అన్నం సయించలేదు. పెద్ద పేజీల వాళ్లందరూ కష్టాల కథలే పెడతారు, జనం వాటినే చూస్తారు. ఒట్టి మాటలే కదా అనుకున్నాను. రాసేటప్పుడు నాయిన ముఖం ఎందుకు గుర్తుకు రాలేదో!

ఆ మాటలు తీసేశాను. 'మా నాయిన జయరాజు బతికే ఉన్నాడు. నేను అబద్ధం రాశాను, క్షమించండి' అని పెట్టాను. కొందరు నోటికొచ్చినట్టు తిట్టారు. చాలా ఆర్డర్లు పోయాయి. పోనీ. పేజీలో మన ఇంటి అడ్రసు అడిగినప్పుడు దుర్గాబాయి గారు నంబరు ఇచ్చారు, ఆమెకు కూడా ఫోన్ చేసి తప్పు ఒప్పుకున్నాను.

చిన్నప్పుడు జ్వరమొస్తే నన్ను భుజాన వేసుకుని మేడ్చల్ ఆసుపత్రి దాకా నడిచిన మనిషిని చంపేశానమ్మా. ఆదివారం చర్చి అయ్యాక వస్తాను. నాతో మాట్లాడతాడా?

నీ జాస్మిన్

గౌడవెల్లి,
శుక్రవారం.

ప్రియమైన పిచ్చి బిడ్డకు,

నిన్న సాయంత్రం బెన్నీ తెచ్చిన నీ ఉత్తరం మీ నాయిన ముందు గట్టిగా చదివాను. మేడ్చల్ మాట దగ్గర కళ్లు తుడుచుకున్నాడు. "ఇగ కోపం ఇడువు, పిల్ల పరేషాన్ అయితాంది" అన్నాను.

"సంపిందని నాకేం కోపం లేదే. చీరలు ఉతికేది నేను, చింపేది నేను, పొరలు పరిచేది నేను. ఏ రంగు పక్కన ఏ రంగు ఉండాల్నో చెప్పేది నేను. మొదలు సచ్చినోడని పెట్టింది, ఇప్పుడు బతికినోడని పెట్టింది. పనిచేసెటోడని ఎన్నడన్న పెట్టిందా?" అన్నాడు.

ఇన్నేళ్లు ఆయన పరిచిన పొరల మీదే కుట్టాను గానీ, ఆ సంగతి నేను మాత్రం ఎవరికి చెప్పాను?

ఈరోజు పొద్దున దుర్గాబాయి మళ్లీ వచ్చింది, పోయిన తన తల్లి చీరలు మూట కట్టుకుని. మీ నాయిన వాటిని చాప మీద పరిచి, నీలం పక్కన పసుపు పెట్టి, తీసి, మళ్లీ పెట్టి ఆమెతో ఒకటే ముచ్చట.

ఆదివారం ఫోను నిండా ఛార్జింగ్ పెట్టుకుని రా. మీ నాయిన అప్పుడే గడ్డం గీయించుకున్నాడు, ఇస్త్రీ అంగీ తీసి పెట్టుకున్నాడు. వీడియో తీసేటప్పుడు నన్ను కొంచెం పక్కకు జరగమన్నాడు.

నీ రాక కోసం చూసే,
అమ్మ, నాయిన